హ్యూస్టన్‌లో హరికేన్‌కు ఇంటిని సిద్ధం చేసుకోవడం: ముందు నీరు, తరువాత కరెంటు, ఆ తరువాతే గాలి

మీరు ఈ ఏడాదే న్యూజెర్సీ నుంచి హ్యూస్టన్ పక్కనున్న కేటీకి వచ్చి ఇల్లు కొనుక్కున్నామని, ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలతో పాటు అమలాపురం నుంచి వచ్చిన మీ అమ్మానాన్నలు ఆరు నెలలు ఉంటారని, నాన్నగారికి షుగరు ఉందని రాశారు. "1996 కోనసీమ తుఫానే చూశాం, ఇది మాకొక లెక్కా" అని ఆయన అంటున్నారు. హరికేన్ పేరు వినగానే డాలస్ వెళ్లిపొమ్మని ఆఫీసులోని వాళ్లు చెబుతున్నారు. కిటికీలకు ప్లైవుడ్ కొట్టించాలా, ఎంత సామాను నిల్వ చేయాలి, ఉండాలా వెళ్లాలా అన్నవి మీ ప్రశ్నలు. నేను హ్యూస్టన్ ప్రాంతంలో వరద నీటి కాలువల రూపకల్పన పనిలో ఉన్న ఇంజనీరును. ఐక్, హార్వీ, బెరిల్ హరికేన్లు మూడింటినీ ఇక్కడే ఉండి చూశాను. మీరు మొదట అడిగిన ప్లైవుడ్ గురించి నేను దాదాపు చివర చెబుతాను. సముద్రానికి దూరంగా, పశ్చిమ హ్యూస్టన్‌లో ఉన్న ఇంటికి అన్నిటికన్నా పెద్ద ప్రమాదం వాన నీరు, దాని తరువాతిది మండుటెండల్లో రోజుల తరబడి కరెంటు లేకపోవడం, గాలి ఆ తరువాతి మాట. డబ్బయినా శ్రమయినా ఈ వరుసలోనే పెట్టమని నా సలహా.

హరికేన్‌కు ఇచ్చే కేటగిరీ సంఖ్య గాలి వేగాన్ని మాత్రమే కొలుస్తుంది. గంటకు 74 మైళ్లు దాటితే మొదటి కేటగిరీ, 111 మైళ్లు దాటితే మూడవది, 157 మైళ్లయితే అయిదవది. ఎంత వాన పడుతుందో, సముద్రం ఎంత ఎత్తుకు లేస్తుందో ఆ సంఖ్యలో లేదు. 2008 సెప్టెంబరు 13న గాల్వెస్టన్ దగ్గర తీరం దాటిన ఐక్ రెండవ కేటగిరీదే. అయినా బొలివార్ ద్వీపకల్పం మీదికి పదిహేను, ఇరవై అడుగుల ఉప్పెనను తెచ్చి అక్కడి ఇళ్లను పునాదులతో సహా ఊడ్చుకుపోయింది. హార్వీ నాలుగవ కేటగిరీగా 2017 ఆగస్టు 25న రాక్‌పోర్ట్ దగ్గర తీరం దాటింది కానీ, హ్యూస్టన్‌ను ముంచేనాటికి అది హరికేన్ కూడా కాదు, ట్రాపికల్ స్టార్మ్‌గా బలహీనపడి కదలకుండా కూర్చున్న వాన మేఘం. ఆ నాలుగయిదు రోజుల్లో హ్యూస్టన్ చుట్టుపక్కల ముప్పై నుంచి యాభై అంగుళాల వాన కురిసింది, నెదర్లాండ్ అనే ఊళ్లో అరవై అంగుళాలు దాటింది. కనుక "ఇది మొదటి కేటగిరీయే కదా" అని ఎవరైనా అంటే ఆ మాట మీద ఆధారపడవద్దు. 1977లో దివిసీమలో వేలమందిని బలి తీసుకున్నది ప్రధానంగా ఉప్పెన నీరే అని మీ నాన్నగారికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఇక్కడి తీరంలోనూ ప్రాణాలు తీసేది ఎక్కువగా నీరే.

కేటీ గాల్వెస్టన్ తీరానికి యాభై మైళ్లకు పైగా లోపల ఉంది, కాబట్టి ఉప్పెన మీ ఇంటిదాకా రాదు. ఉప్పెన ముప్పు ఉన్న ప్రాంతాలను పిన్‌కోడ్‌ల వారీగా జిప్ జోన్లుగా విడగొట్టారు: కోస్టల్, ఏ, బీ, సీ. సీబ్రూక్, కెమా, లీగ్ సిటీ వైపు ఉన్న మన వాళ్లలో చాలామంది ఈ జోన్లలోనే ఉంటారు, అధికారులు ఖాళీ చేయమన్నప్పుడు వాళ్లు మారుమాట లేకుండా వెళ్లిపోవాలి. మీ జిప్ కోడ్ ఆ పటంలో ఉందో లేదో ఇవాళే చూసుకోండి, రెండు నిమిషాల పని.

మీ ఇంటికి సంబంధించి అసలు చూడవలసినది వేరే ఉంది. హ్యూస్టన్‌కు పశ్చిమాన ఆడిక్స్, బార్కర్ అని రెండు రిజర్వాయర్లు ఉన్నాయి. నగరాన్ని వరద నుంచి కాపాడటానికి సైన్యపు ఇంజనీర్ల విభాగం 1940లలో కట్టినవి. మామూలు రోజుల్లో వాటిలో నీరు నిలవదు, పార్కులు, ఆటస్థలాలు కనిపిస్తాయి. చూసేవాళ్లకు అది రిజర్వాయరని తట్టదు. గట్టుకు లోపలి వైపున ప్రభుత్వం కొన్న భూమి ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి ప్రైవేటు కాలనీలు మొదలయ్యాయి, అయితే రిజర్వాయరు పూర్తిగా నిండితే నీరు ఆ హద్దు దాటి ఇళ్లలోకి వస్తుంది. హార్వీలో జరిగింది అదే. గట్టుకు ఎగువన ఉన్న కాలనీలు రోజుల తరబడి నీటిలో ఉంటే, ఆగస్టు 28 తెల్లవారుజామున తలుపులు ఎత్తి నీరు వదలడంతో గట్టుకు దిగువన బఫెలో బయూ అనే వాగు వెంట ఉన్న ఇళ్లూ మునిగాయి. కేటీ, సింకో రాంచ్ వైపు కొన్ని కాలనీలు ఈ నిండు మట్టం లోపలే ఉన్నాయి. అమ్మేవాళ్లు పాత వరదలను, ఇల్లు రిజర్వాయరు ముంపు పరిధిలో ఉన్నదీ లేనిదీ కొనుగోలుదారుకు రాతపూర్వకంగా చెప్పాలని టెక్సాస్‌లో 2019 సెప్టెంబరు నుంచి చట్టం ఉంది. మీరు సంతకాలు పెట్టిన కాగితాల కట్టలో ఆ వెల్లడి పత్రం ఉంటుంది, తీసి చదవండి. అద్దెకు ఉండేవాళ్లకు కూడా ఇంటి యజమాని ఇలాంటి సమాచారం ఇవ్వాలన్న నిబంధన 2022 నుంచి ఉంది.

"మాది ఫ్లడ్ జోన్ కాదు" అన్న మాట నేను మన వాళ్ల ఇళ్లలో తరచుగా వింటాను. ఆ మాట అంటున్నవాళ్లు చూసినది ఫెమా (అమెరికా ప్రభుత్వ విపత్తు సహాయ సంస్థ) పటంలోని నూరేళ్ల వరద పరిధి. నూరేళ్ల వరద అంటే నూరేళ్లకు ఒకసారి వచ్చేదని కాదు, ఏ సంవత్సరంలోనైనా వచ్చే అవకాశం నూటికి ఒక వంతు అని అర్థం. ముప్పై ఏళ్ల ఇంటి అప్పు తీరేలోపు కనీసం ఒకసారి వచ్చే అవకాశం లెక్క వేస్తే నూటికి ఇరవై ఆరు వంతులు. పైగా హార్వీలో హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీలో మునిగిన సుమారు 1,54,000 ఇళ్లలో మూడింట రెండు వంతులు ఆ పరిధికి బయట ఉన్నవే. ఈ ఊరు బల్లపరుపు నేల, అడుగున బంకమట్టి, కాబట్టి గంటకు నాలుగు అంగుళాల వాన పడితే వీధుల కింది పైపులు దాన్ని మోయలేవు. అప్పుడు వీధే కాలువ కావాలన్నది రూపకల్పనలోనే ఉన్న ఏర్పాటు. వీధి నిండిన తరువాత ఇంటి గడపకూ ఆ నీటికీ మధ్య ఎన్ని అంగుళాలు మిగిలాయన్నదే మీ ఇంటి భవిష్యత్తును తేలుస్తుంది. ఒక పెద్ద వాన రోజున గొడుగు వేసుకుని గుమ్మంలో నిలబడి నీరు ఏ వైపు నుంచి వచ్చి ఏ వైపు పోతోందో, మీ ఇంటి ముందున్న నీటి జాలీకి ఆకులు అడ్డం పడుతున్నాయో చూడండి.

అందుకే మీరు చేయవలసిన మొదటి పని వరద బీమా. ఇంటి బీమా వరద నష్టాన్ని ఇవ్వదు. పైకప్పు ఎగిరి వాన లోపల పడితే ఇస్తుంది, వీధి నీరు గడప దాటి వస్తే ఇవ్వదు. జాతీయ వరద బీమా పథకం కింద ఇంటికి 2,50,000 డాలర్ల వరకు, ఇంట్లోని సామానుకు విడిగా 1,00,000 డాలర్ల వరకు పాలసీ తీసుకోవచ్చు. సామాను పాలసీ అడిగితేనే ఇస్తారు, దానంతట అది కలిసి రాదు. ఇంటి అప్పుతో పాటు తీసుకుంటే తప్ప పాలసీ అమల్లోకి రావడానికి 30 రోజులు పడుతుంది. గల్ఫ్ ఆఫ్ మెక్సికో సముద్రంలో తుఫాను కనిపించాక కొన్న పాలసీ ఆ తుఫానుకు అక్కరకు రాదు. హరికేన్ కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు అయినా, ఆగస్టు మధ్య నుంచి అక్టోబరు మధ్య వరకు ఉధృతి ఎక్కువ, కనుక ఈ వారంలోనే ఏజెంటుకు ఫోన్ చేయండి. అదే ఫోన్‌లో మీ ఇంటి బీమాలో గాలివాన డిడక్టిబుల్ ఎంతో అడగండి. చాలా పాలసీల్లో అది నిర్ణీత మొత్తం కాదు, ఇంటి బీమా విలువలో శాతం: 4,00,000 డాలర్ల ఇంటికి రెండు శాతమంటే మొదటి 8,000 డాలర్లు మీ జేబులోంచే. కారు నీటిలో మునిగితే సమగ్ర బీమా ఉంటేనే డబ్బు వస్తుంది, అదీ చూసుకోండి.

ఇక్కడ మన ఇళ్లకు ప్రత్యేకంగా చెప్పవలసిన విషయం బంగారం. జాతీయ వరద బీమాలో నగలు, కళాఖండాల వంటివాటన్నిటికీ కలిపి ఇచ్చేది 2,500 డాలర్లే. అమ్మగారు తెచ్చుకున్న గాజులొక్కటే అంతకు మించి ఉంటాయి. వాటిని కింది గదిలోని బీరువాలో వదిలేయకండి. మేడ మీది గదికి చేర్చండి, ఇల్లు వదిలితే వెంట తీసుకువెళ్లండి. ఇప్పుడే ఫోన్ పట్టుకుని గది గదీ తిరిగి, అల్మరాలు, కప్‌బోర్డులు తెరిచి వీడియో తీసి, దాన్ని ఇంటర్నెట్‌లో భద్రపరచండి. క్లెయిమ్ వేసే రోజున ఆ వీడియోకు ఉండే విలువ మరే కాగితానికీ ఉండదు.

ఇక ఉండాలా, వెళ్లాలా అన్న ప్రశ్న. 2005 సెప్టెంబరులో రీటా హరికేన్ వస్తోందన్నప్పుడు, కట్రీనా హరికేన్ జరిగి నెల కూడా కాకపోవడంతో భయపడి, ఖాళీ చేయవలసిన అవసరం లేని లక్షలాది మంది కూడా రోడ్ల మీదికి వచ్చారు. దాదాపు పాతిక లక్షల మంది కదిలారని అంచనా. డాలస్ దారిలో కార్లు గంటల తరబడి నిలిచిపోయాయి, ఇంధనం అయిపోయింది, ఎండ దెబ్బకు మనుషులు కుప్పకూలారు, వృద్ధులను తీసుకువెళుతున్న ఒక బస్సు మంటల్లో చిక్కుకుని ఇరవై ముగ్గురు పోయారు. టెక్సాస్‌లో రీటాకు సంబంధించిన మరణాల్లో ఎక్కువ భాగం ఆ ప్రయాణంలోనివే. అందుకే ఖాళీ చేయమన్న ఆదేశం మీ ప్రాంతానికి వస్తే తప్ప, గట్టి ఇంట్లో, ముంపు పరిధికి బయట ఉన్నవాళ్లు ఇంట్లోనే ఉండి తీరం వాళ్లకు దారి వదలాలని ఇక్కడి అధికారులు చెబుతూ వచ్చారు. నా అభిప్రాయమూ అదే.

దీనికి మినహాయింపులు ఉన్నాయి. ఇల్లు రిజర్వాయరు ముంపులో ఉన్నా, ఇంతకుముందు మునిగినదైనా, ఇంట్లో ఆక్సిజన్ మీద, డయాలిసిస్ మీద ఉన్నవాళ్లున్నా, నెలలు నిండిన గర్భిణి ఉన్నా ఆదేశం కోసం ఎదురుచూడకుండా ముందే వెళ్లడం మంచిది. అప్పుడు కూడా ఎంతో దూరం పోనక్కరలేదు, శాన్ ఆంటోనియో, ఆస్టిన్ చాలు. హరికేన్ వాచ్ ప్రకటించేది బలమైన గాలులు మొదలవడానికి సుమారు 48 గంటల ముందు, వార్నింగ్ 36 గంటల ముందు. వాచ్ వచ్చిన పూట బయలుదేరినవాళ్లు సుఖంగా చేరతారు, వార్నింగ్ వచ్చాక సామాను సర్దడం మొదలుపెట్టినవాళ్లు రోడ్డు మీద చిక్కుకుంటారు. ఎవరింటికి వెళతారో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి.

ఇంకొక దారి ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు: తుఫాను దాటాక వెళ్లడం. 2024 జూలై 8న బెరిల్ మాటగోర్డా దగ్గర తీరం దాటినప్పుడు అది మొదటి కేటగిరీదే, కానీ తుఫాను కేంద్రానికి కుడివైపున, గాలి బలంగా ఉండే పక్కన పడిన హ్యూస్టన్‌లో 22 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. కొన్ని వీధుల్లో వారం దాటినా రాలేదు. బయట వేడి వంద డిగ్రీల దాకా తోచే జూలై నెల, గాలి చొరబడకుండా కట్టిన ఈ ఇళ్లు ఒక్క పగటిలోనే పొయ్యిలా మారతాయి. వేడికి తాళలేక చనిపోయినవాళ్లలో వృద్ధులు ఎక్కువ. అందువల్ల తుఫాను వెళ్లిన మర్నాడు రోడ్లు తెరుచుకున్నాయని తెలిసి, కరెంటు రెండు మూడు రోజులకు రాదని అర్థమైతే, మీ అమ్మానాన్నలనూ పిల్లలనూ అప్పుడు చల్లని ఊరికి చేర్చండి. ఆ ప్రయాణంలో వాననీటి భయం ఉండదు, రీటా నాటి రద్దీ ఉండదు. దీనికోసం కారు ట్యాంకు తుఫానుకు రెండు రోజుల ముందే నింపి ఉంచాలి, ఎందుకంటే కరెంటు లేకపోతే బంకుల్లో పంపులు పనిచేయవు.

వార్తల విషయానికి వస్తే, నేషనల్ హరికేన్ సెంటర్ ఆరు గంటలకొకసారి, మన సమయం ప్రకారం ఉదయం నాలుగు, పది, సాయంత్రం నాలుగు, రాత్రి పది గంటలకు పూర్తి ప్రకటన ఇస్తుంది. వాళ్లు చూపించే గరాటు ఆకారపు పటం తుఫాను కేంద్రం ఎటు పోవచ్చో చెబుతుందే గానీ, దాని బయట ఉన్నవాళ్లకు వాన పడదని, గాలి వీచదని చెప్పదు. వాట్సాప్‌లో తిరిగే, పది రోజుల ముందే హ్యూస్టన్ మీద ఎర్రటి సుడి చూపించే చిత్రాలను పట్టించుకోకండి, అవి ఒక కంప్యూటర్ నమూనా ఒక పూట ఇచ్చిన లెక్కలు. బ్యాటరీతో నడిచే వాతావరణ రేడియో ఒకటి కొనండి. సెల్ టవర్లు పడిపోయిన రాత్రి అది మాట్లాడుతూ ఉంటుంది.

ఇంటి నిల్వల్లో మొదటిది నీరు. మనిషికి రోజుకు ఒక గ్యాలన్ చొప్పున ఆరుగురికి వారానికి నలభై రెండు గ్యాలన్లు కావాలి. పప్పు కడగడానికి, బియ్యం కడగడానికి, గిన్నెలు తోమడానికి మనం వాడే నీరు ఇందులో లేదు, అందుకని ఆ రోజులకు కాగితపు పళ్లాలు తెచ్చుకోండి. తుఫానుకు ముందురోజు రాత్రి స్నానపు తొట్టెలు నింపి ఉంచితే బాత్రూం అవసరాలకు సరిపోతాయి. చిన్నపిల్లలున్నారు కాబట్టి ఆ గదుల తలుపులు మూసి ఉంచండి. కుళాయి నీరు కాచి తాగమని ప్రకటన వస్తే నీరు తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం కాగనివ్వాలి.

ఆహారం విషయంలో అమెరికా జాబితాల్లో ఉండే డబ్బాల సూపులను మన పెద్దవాళ్లు ముట్టరు. అటుకులు, మరమరాలు, వేయించిన పల్లీలు, సున్నుండలు, జంతికలు, కందిపొడి, ఆవకాయ, ఫ్రిజ్ అవసరం లేని పాల ప్యాకెట్లు ఇంట్లో ఉంటే రెండు రోజులు పొయ్యి వెలిగించకుండా గడుస్తుంది. షుగరున్న నాన్నగారికి వేయించిన శనగలు, పల్లీలు, ఓట్స్ విడిగా పెట్టండి. గ్యాస్ పొయ్యి అయితే పై బర్నర్లను చాలావరకు అగ్గిపుల్లతో వెలిగించుకోవచ్చు. కుక్కరులో కిచిడీ పెడితే నీరూ గ్యాసూ రెండూ ఆదా. పొగగొట్టం పంకా తిరగదు కాబట్టి కిటికీ తెరిచి వండండి. బయట వాడే బొగ్గుల గ్రిల్లును, క్యాంపు స్టవ్‌ను ఎట్టి పరిస్థితిలోనూ ఇంట్లోకి గానీ గ్యారేజీలోకి గానీ తేవద్దు.

ఫ్రిజ్ తలుపు తెరవకుండా ఉంచితే నాలుగు గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్ రెండు రోజులు చల్లదనాన్ని నిలుపుతాయి. తుఫాను ముందు వారం ఫ్రీజర్‌లోని ఖాళీ జాగాల్లో నీళ్ల సీసాలు పెట్టి గడ్డ కట్టించండి, కరిగాక అవే తాగునీరు. కరెంటు పోయిన రోజునే ముందుగా వాడవలసినవి పాలు, పెరుగు, కూరలు; దోసెల పిండి పులిసినా పరవాలేదు, నాలుగు గంటలు దాటిన పాలు, వండిన కూరలు మాత్రం పారబోయండి.

జనరేటర్ గురించి కాస్త గట్టిగానే చెబుతాను. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు, తలనొప్పి, మగత, ఆ తరువాత స్పృహ ఉండదు. ప్రతి పెద్ద తుఫాను తరువాతా, 2021 ఫిబ్రవరి మంచు రోజుల్లోనూ, హ్యూస్టన్‌లో ఇళ్లకు ఇళ్లు దీనివల్ల ఆసుపత్రుల పాలయ్యాయి, కొందరు తిరిగి రాలేదు. జనరేటర్ ఇంటికి కనీసం ఇరవై అడుగుల దూరంలో, పొగ కిటికీల వైపు రాకుండా ఉండాలి. గ్యారేజీ తలుపు పూర్తిగా ఎత్తి ఉంచినా సరే, లోపల పెట్టకూడదు. బ్యాటరీతో పనిచేసే మోనాక్సైడ్ అలారం పడకగదుల దగ్గర పెట్టకుండా జనరేటర్ స్టార్ట్ చేయవద్దు. గోడ ప్లగ్గులో జనరేటర్ తీగ గుచ్చి ఇల్లంతా కరెంటు ఇవ్వాలని చూస్తే బయట తీగ బాగుచేస్తున్న మనిషి ప్రాణం పోతుంది. రెండు వేల వాట్ల చిన్న ఇన్వర్టర్ జనరేటర్, 5,000 బీటీయూల కిటికీ ఏసీ ఒకటి ఉంటే ఒక్క గది చల్లగా ఉంటుంది. ఇంట్లో అందరూ రాత్రికి ఆ గదిలో పడుకోవచ్చు, పెద్దవాళ్లకు అంతకన్నా మంచి ఏర్పాటు నాకు తెలియదు. జనరేటర్ వద్దనుకుంటే ఊళ్లో మన ఇళ్లలో ఉండే ఇన్వర్టరు వంటిదే ఇక్కడ చేత్తో మోసుకెళ్లే బ్యాటరీ పెట్టెగా దొరుకుతుంది. అది ఒక ఫ్యాన్‌ను, ఫోన్లను, నిద్రలో ఊపిరి యంత్రాన్ని నడుపుతుంది. దీపాల మాటకొస్తే, చీకట్లో కొవ్వొత్తులు వద్దు, బ్యాటరీ లాంతర్లు వాడండి. దేవుడి దగ్గర దీపం పెట్టాలని అమ్మగారు అంటే పక్కన ఒకరు కూర్చున్నంతసేపే వెలగనివ్వండి.

నాన్నగారి మందుల కోసం ఒక గంట కేటాయించండి. ఇండియా నుంచి తెచ్చుకున్న మందుల పేర్లు ఇక్కడి ఫార్మసీలో ఎవరికీ తెలియవు, కాబట్టి ప్రతి మాత్రకూ కంపెనీ పేరు కాకుండా అసలు మందు పేరు, మోతాదు ఒక కాగితం మీద రాసి ఆయన పాస్‌పోర్టులో పెట్టండి. ఇన్సులిన్ వాడుతుంటే కంగారు వద్దు: సాధారణంగా 59 నుంచి 86 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఫ్రిజ్ లేకుండానే 28 రోజుల వరకు వాడవచ్చు. కానీ కరెంటు లేని ఇంట్లో వేడి ఆ హద్దు దాటుతుంది, అందుకే చల్లని సంచీ ఒకటి కావాలి, మంచుగడ్డకు తగిలి ఇన్సులిన్ గడ్డకట్టకుండా మధ్యలో గుడ్డ కూడా కావాలి. విజిటర్ బీమా కార్డు, ఏ ఆసుపత్రికి వెళ్లాలో రాసిన చీటీ కూడా అక్కడే ఉండాలి. తమంతట తాము ఇల్లు ఖాళీ చేయలేని వృద్ధులు, వికలాంగులు, వైద్య పరికరాల మీద ఆధారపడినవాళ్లు 211కు ఫోన్ చేసి రాష్ట్ర అత్యవసర సహాయ జాబితాలో ముందుగా పేరు నమోదు చేసుకోవచ్చు. ఆ నమోదును ఏటా పునరుద్ధరించాలి.

కాగితాల సంచీలో పాస్‌పోర్టులు, ఐ-797 (వీసా ఆమోద) పత్రాలు, గ్రీన్‌కార్డులు, పిల్లల జనన ధ్రువపత్రాలు, సోషల్ సెక్యూరిటీ కార్డులు, ఇంటి పత్రాలు, బీమా పాలసీలు నీరు చొరని కవరులో ఉంచండి. చేతిలో కొంత నగదు కూడా కావాలి, కరెంటు లేని ఊళ్లో కార్డు గీకే యంత్రాలు పనిచేయవు.

ఇప్పుడు గాలి. మీ ఇంట్లో గాలికి అన్నిటికన్నా బలహీనమైనది కిటికీ కాదు, గ్యారేజీ తలుపు. అది లోపలికి వంగితే గాలి ఇంట్లో చొరబడి పైకప్పును కింద నుంచి ఎత్తుతుంది, కనుక ఆ తలుపు గాలి ఒత్తిడికి తగినదేనా అని ఒక పనివాడితో చూపించి, కాకపోతే లోపలి నుంచి ఊతకడ్డీలు వేయించండి. కేటీలో ఇంటింటికీ ప్లైవుడ్ అవసరమని నేను అనను, తీరానికి దగ్గరివాళ్లకు తప్పనిసరి. కొట్టదలిస్తే అంగుళంలో ఎనిమిదింట అయిదు వంతుల (5/8) మందం ఉన్న చెక్క తీసుకుని, ఇప్పుడే కొలతకు కోసి, ఏ కిటికీదో రాసి గ్యారేజీలో పెట్టుకోండి. అద్దాల మీద టేపు అంటించడం వల్ల ప్రయోజనం ఏమీ లేదు, పగిలితే పెద్ద పెద్ద ముక్కలుగా మీద పడతాయి. చెట్ల ఎండుకొమ్మలను తుఫాను పేరు వినకముందే కొట్టించాలి, చివరి రోజున కొట్టి వీధి పక్కన కుప్ప వేస్తే ఆ కుప్పే గాలిలో ఎగురుతుంది. పెరట్లోని కుర్చీలు, పిల్లల ట్రాంపొలీన్, తులసి కుండీ అన్నీ లోపలికి తేవాలి.

మీ నాన్నగారి అనుభవం విలువైనది. కాసేపు గాలి ఆగినప్పుడు బయటికి పోకూడదని, ఆగిన గాలి ఎదురు దిక్కు నుంచి మళ్లీ వస్తుందని కోనసీమవాళ్లకు తెలిసినంత బాగా ఇక్కడి చాలామందికి తెలియదు. అయితే ఒక్క విషయం ఆయనకు ఓపికగా వివరించండి. అక్కడ నీరొస్తే డాబా ఎక్కేవాళ్లం. ఇక్కడిది చెక్క చట్రం మీద కట్టిన ఇల్లు, పైన ఏటవాలు కప్పు, దాని మీదికి మెట్లు లేవు. కప్పు కింద ఉన్న అటకలోకి ఎక్కితే అక్కడి నుంచి బయటికి దారి ఉండదు, నీరు పెరిగితే అదే ఉచ్చు అవుతుంది. గొడ్డలి వంటిది చేతిలో లేకుండా అటకలోకి పోవద్దని హార్వీ రోజుల్లో అధికారులు పదేపదే చెప్పారు. సుడిగాలి హెచ్చరిక ఫోన్‌లో మోగితే కింది అంతస్తులో కిటికీలు లేని గదిలోకి, నీరు గడప దగ్గరికి వస్తుంటే మేడ మీదికి. ఈ రెండు గదులూ ఏవో పిల్లలతో సహా అందరికీ ముందే చూపించండి. నీరు ఇంట్లోకి వచ్చేలా ఉంటే, కాళ్లు తడవకముందే, మెయిన్ బ్రేకర్ ఆపేయండి.

వాన మొదలయ్యాక కారు తీయవద్దు. వేగంగా పారే ఆరు అంగుళాల నీరు నిలబడ్డ మనిషిని పడేస్తుంది, పన్నెండు అంగుళాల నీరు చాలా కార్లను కొట్టుకుపోతుంది. ఈ ఊళ్లో వంతెనల కింది దారులు నిమిషాల్లో నిండుతాయి, రాత్రిపూట వాటి లోతు కనిపించదు.

వాన తగ్గాక నిలిచిన నీటిలో నడవవద్దు, పిల్లలను ఆడనివ్వవద్దు. అది మురుగు కలిసిన నీరు, ముద్దలుగా తేలే ఎర్రచీమలు, పాములు ఉంటాయి. తడిసిన ప్రతి వస్తువునూ, గోడ మీది నీటి గీతనూ ఫోటో తీశాకే బయట పడేయండి. ఒకటి రెండు రోజుల్లో తడిసిన కార్పెట్లు, గోడల కింది భాగపు షీట్‌రాక్ (జిప్సం పలకలు) తీసేయకపోతే బూజు పట్టి ఆ ఇంట్లో పిల్లలు ఉండలేరు. బీమా మనిషి వచ్చి చూసేదాకా ఆగనక్కరలేదు. ఫోటోలు, ఒక చిన్న ముక్క నమూనా ఉంటే చాలు. తలుపు తట్టి మొత్తం డబ్బు ముందే అడిగే మరమ్మతువాళ్లను నమ్మవద్దు.

ఫెమా ఇచ్చే నగదు సహాయానికి పౌరసత్వం, గ్రీన్‌కార్డు వంటి అర్హత ఉండాలి. హెచ్‌1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లు తమ పేరున అడగలేరు. అయినా ఇంట్లో అమెరికాలో పుట్టిన బిడ్డ ఉంటే ఆ బిడ్డ తరఫున తల్లిదండ్రులు దరఖాస్తు చేసే వీలుంది, ఇది తెలియక వదులుకున్నవాళ్లు మనలో ఉన్నారు. అమ్మానాన్నల ఐ-94 (ఈ దేశంలో ఉండటానికి ఇచ్చిన అనుమతి) గడువు హరికేన్ కాలంలోనే ముగుస్తుంటే వాళ్ల టికెట్టు చివరి రోజుకు కొనకుండా కనీసం రెండు వారాల ముందుకు మార్చండి. విమానాశ్రయం మూతపడి గడువు దాటే పరిస్థితి వస్తే, ప్రకృతి విపత్తు కారణంగా బస పొడిగింపు కోరుతూ ఇమ్మిగ్రేషన్ శాఖకు దరఖాస్తు చేయవచ్చు. వీలైనంతవరకు గడువు తీరకముందే చేయండి, రద్దయిన టికెట్టు కాగితాన్ని దానికి జత చేయండి.